చిన్న గ్రంథాలయం పుస్తకాలు పంచుకునే కూటమిలో చేరితే ఇచ్చేదేమిటి, పుచ్చుకునేదేమిటి?

చిన్నబీరువా (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఒక గ్రామీణ గ్రంథాలయ బాధ్యతలు చూస్తున్నాను. మా దగ్గర సుమారు నాలుగు వేల పుస్తకాలున్నాయి. తలుపు తీయడం మొదలుకొని రిజిస్టరు రాయడం వరకు అన్ని పనులూ నేనొక్కణ్ణే చేసుకోవాలి. చుట్టుపక్కల ఉన్న పదకొండు గ్రంథాలయాలు కలిసి ఒక కూటమిగా ఏర్పడి, ఒకరి పుస్తకాలను మరొకరి పాఠకులకు అరువిచ్చే ఏర్పాటు చేసుకుంటున్నాయి. మమ్మల్ని కూడా చేరమని అడిగారు.

మా పాలకవర్గ సమావేశంలో రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఉన్న కాసిని మంచి పుస్తకాలూ పెద్ద గ్రంథాలయాల పాఠకులు పట్టుకుపోతే, మన పాఠకులు వచ్చేసరికి అరలు ఖాళీగా కనిపిస్తాయని కొందరన్నారు. మన దగ్గర ఎవరికీ అక్కరలేని పాత పుస్తకాలే ఉన్నాయి కాబట్టి మనం ఎప్పటికీ చెయ్యి చాచేవాళ్లుగానే మిగిలిపోతామని మరికొందరన్నారు. ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవని నాకు తెలుసు గాని, ఏది నిజం కాదో చెప్పగలిగే అనుభవం నాకు లేదు. పైగా మా కేటలాగు ఇప్పటికీ చేతిరాతలోనే ఉంది. చేరడం మంచిదేనా, చేరితే మొదట ఏ పని మొదలుపెట్టాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

పాతరిజిస్టరు:

చిన్నబీరువా గారికి నమస్కారం. ఇలాంటి కూటమిలో పుస్తకాల రాకపోకల లెక్కలు చాలా ఏళ్లు చూసినవాణ్ణి కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

గ్రంథాలయాలు ఒకదానికొకటి పుస్తకాలు అరువిచ్చుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని వూస్టర్ పట్టణ గ్రంథపాలకుడు శామ్యూల్ గ్రీన్ 1876లోనే ఒక వృత్తి పత్రికకు లేఖ రాసి ఈ ప్రతిపాదన చేశారు. మీ పాలకవర్గం వ్యక్తం చేసిన మొదటి భయానికి సమాధానం కూడా చాలాకాలంగా నియమాల రూపంలోనే ఉంది. అరువిచ్చే గ్రంథాలయానికి 'ఇవ్వం' అనే హక్కు ఎప్పుడూ ఉంటుంది. కొత్తగా కొన్న పుస్తకాన్ని మొదటి ఆరు నెలలు సొంత పాఠకులకే ఉంచుకోవచ్చు, సంప్రదింపు గ్రంథాలను అసలు బయటికి పంపనక్కరలేదు, సొంత పాఠకుడు ముందుగా అడిగి ఉంటే అతనికే ప్రాధాన్యం ఇవ్వవచ్చు. చేరే ముందు ఈ మూడింటినీ ఒప్పందంలో రాయించుకుంటే అరలు ఖాళీ అవుతాయన్న భయం చాలావరకు తీరుతుంది.

రెండో అభ్యంతరం నాకు మరింత ఆసక్తికరంగా తోచింది, ఎందుకంటే నేను చూసిన లెక్కలు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. పెద్ద గ్రంథాలయాలకు పాఠకుల తాకిడి ఎక్కువ, స్థలం తక్కువ. కొన్నేళ్లపాటు ఎవరూ తీసుకోని పుస్తకాన్ని అవి తొలగించేస్తాయి. చిన్న గ్రంథాలయంలో అటువంటి ఒత్తిడి లేకపోవడం వల్ల, ఎప్పటివో సేద్యపు కరదీపికలు, స్థానిక చరిత్రలు, పునర్ముద్రణకు నోచుకోని కథాసంపుటాలు దుమ్ము పట్టినా సరే అరల్లోనే నిలిచి ఉంటాయి. మా కూటమి మొత్తంలో అతి తక్కువ పుస్తకాలున్న గ్రంథాలయం ఒక సంవత్సరం తాను తెచ్చుకున్న వాటికంటే పంపినవే ఎక్కువని తేలినప్పుడు, అక్కడి గ్రంథపాలకురాలితో సహా ఎవరూ నమ్మలేదు. మన దేశపు గ్రంథాలయశాస్త్ర ఆద్యుడు రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో 'ప్రతి గ్రంథానికీ దాని పాఠకుడు' అన్నది మూడోది. ఆ పాఠకుడు అదే ఊళ్లో ఉండాలని ఆయన ఎక్కడా అనలేదు కదా!

అసలు ఖర్చు పుస్తకాలలో లేదు, వాటిని చేరవేయడంలో ఉంది. తపాలాలో ఒక్కొక్కటిగా పంపితే కట్టలు కట్టే పనితోనే మీ రోజు గడిచిపోతుంది. అన్ని గ్రంథాలయాలనూ చుట్టివచ్చే ఒక బండి, వారంలో ఒక నిర్దిష్టమైన రోజు ఉన్నాయో లేదో ముందుగా అడగండి. 'గురువారం వస్తుంది' అని చెబితే పాఠకుడు వారమైనా ఓపిక పడతాడు. 'వస్తుంది లెండి' అంటే మూడో రోజుకే ఆశ వదులుకుంటాడు. బండి లేని కూటమిలో చేరమని మాత్రం నేను చెప్పను.

కేటలాగుకార్డు:

పాతరిజిస్టరు గారు చెప్పిన వాటిలో బండి గురించిన మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే బండి కదలాలంటే ఏ పుస్తకం ఏ అరలో ఉందో అందరికీ కనిపించాలి కదా. మీ చేతిరాత రిజిస్టరు మీకు తప్ప మరెవరికీ కనిపించదు.

నాలుగు వేల పుస్తకాల వివరాలను మొదటి నుంచి టైపు చేయాలేమోనని కంగారు పడకండి. గ్రంథ వివరాలను యంత్రాలు చదవగలిగే మార్క్ అనే పద్ధతిని హెన్రియెట్ ఏవ్రమ్ నాయకత్వంలో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 1960లలో రూపొందించింది. నేటికీ ప్రపంచమంతటా గ్రంథాలయాలు ఆ పద్ధతిలోనే వివరాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. పుస్తకం వెనుక ఆ ప్రచురణను గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్య ఉంటే, మరొక గ్రంథాలయం ఎప్పుడో తయారుచేసిన వివరాన్ని తెచ్చుకుని, దానికి మీ ప్రవేశ సంఖ్య (పుస్తకం వచ్చినప్పుడు రిజిస్టరులో వేసే క్రమసంఖ్య), అర సంఖ్య జోడిస్తే సరిపోతుంది. ఆ సంఖ్య లేని పాత పుస్తకాలకు మాత్రం మీరే కూర్చుని రాయాలి. అయినా పని అక్కడి నుంచే మొదలుపెట్టమని నా సలహా. సంఖ్య ఉన్న కొత్త పుస్తకం ఇతరుల దగ్గర కూడా దొరికే అవకాశం ఎక్కువ. కూటమికి మీరు కొత్తగా ఇవ్వగలిగింది ఆ పాతవాటిలోనే ఉంటుంది.

దానికంటే ముందు ఒక్కసారి అరలన్నీ సరిచూసుకోండి. రిజిస్టరులో ఉండి అరలో లేని పుస్తకాన్ని కూటమికి చూపించడం కంటే అసలు చూపించకపోవడమే మేలు. నాలుగుసార్లు అడిగి నాలుగుసార్లూ 'కనిపించడం లేదు' అన్న జవాబు వస్తే అయిదోసారి మిమ్మల్ని ఎవరూ అడగరు.

సాఫ్ట్‌వేరు విషయానికి వస్తే, కోహా అనే ఉచిత వ్యవస్థ చరిత్ర మీకు నచ్చవచ్చు. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే ప్రాంతంలోని చిన్న గ్రంథాలయాలకు, తమ పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీ సమస్యను (సంవత్సరాన్ని రెండు అంకెల్లోనే దాచుకోవడం వల్ల వచ్చిన చిక్కును) తట్టుకోలేదని తెలిసింది. వాళ్లు కొత్తది తయారు చేయించుకుని, 2000 జనవరిలో వాడుకలోకి తెచ్చి, ఆ తరువాత దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక, అదీ తిరిగి ఇచ్చిపుచ్చుకునే తరహా కానుక. మీ కూటమి ఇప్పటికే వేరే వ్యవస్థ వాడుతుంటే దానిలోనే చేరండి. పన్నెండు గ్రంథాలయాలకు పన్నెండు వ్యవస్థలు ఉండడం కంటే తలనొప్పి మరొకటి లేదు.

సంచారపెట్టె:

పై ఇద్దరూ చెప్పినదంతా, ఫలానా పుస్తకం కావాలని నోరు తెరిచి అడిగే పాఠకుడిని దృష్టిలో పెట్టుకున్నది. నా అనుభవంలో గ్రామీణ గ్రంథాలయానికి వచ్చేవారిలో అటువంటివారు పదిమందిలో ఒకరిద్దరే. పిల్లలు, కొత్తగా చదవడం అలవాటు చేసుకుంటున్న పెద్దలు అరల ముందు నిలబడి, అట్ట చూసి, నాలుగు పేజీలు తిప్పి ఎంచుకుంటారు. వారికి ఉమ్మడి కేటలాగు వల్ల ఒరిగేది తక్కువ.

అందుకే మేము పెట్టెల పద్ధతి పాటించాం. ఒక్కొక్క పెట్టెలో నలభై పుస్తకాలు సర్ది, మూడు నెలలకొకసారి ఒక గ్రంథాలయం నుంచి మరొకదానికి పంపేవాళ్లం. ఒక్కొక్క పుస్తకానికి వినతి రాయడం, బదులు చెప్పడం వంటి పని ఉండదు. పెట్టెకు ఒక జాబితా, వచ్చినప్పుడు ఒక సంతకం, వెళ్లేటప్పుడు ఒక సంతకం. పుస్తకాల దశాంశ వర్గీకరణను రూపొందించిన మెల్విల్ డ్యూయీ 1890లలో న్యూయార్క్ రాష్ట్రంలో నడిపిన సంచార గ్రంథాలయాలు కూడా ఇటువంటి పెట్టెలే. ఒక్కరే పనిచేసే చోట ఇదే ముందు మొదలుపెట్టాలని నా అభిప్రాయం. విడివిడిగా అరువిచ్చుకోవడం తరువాత చూసుకోవచ్చు.

చిన్నబీరువా:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పెట్టెల పద్ధతి మా పాలకవర్గానికి వెంటనే నచ్చేటట్టుంది. మరో రెండు సందేహాలు ఉన్నాయి. పుస్తకం దారిలో పోతే నష్టం ఎవరు భరించాలి? ఈ రవాణా బాధ ఏమీ లేకుండా ఈ-పుస్తకాలు పంచుకోవడం సులభం కాదా?

పాతరిజిస్టరు:

మొదటి సందేహానికి స్థిరమైన ఆచారం ఉంది. పుస్తకం మీ తలుపు దాటిన క్షణం నుంచి తిరిగి మీ తలుపు చేరేవరకు బాధ్యత అరువు తెచ్చుకున్న గ్రంథాలయానిదే, పోయింది బండిలోనైనా సరే. అమెరికా గ్రంథాలయ సంఘపు నియమావళి కూడా ఇదే చెబుతుంది. అయితే పన్నెండు గ్రంథాలయాల మధ్య ఒక్కొక్క పుస్తకానికి సొమ్ము చెల్లించుకోవడం చికాకైన వ్యవహారం కాబట్టి, అందరూ తలా కొంత వేసిన ఉమ్మడి నిధి నుంచి ఇవ్వడం మేలు. పెట్టెల పద్ధతిలో ఎక్కడ పోయిందో తేల్చడం మరీ కష్టం, అక్కడ ఈ నిధి తప్పనిసరి.

ఈ-పుస్తకాల విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. అచ్చు పుస్తకం కొన్నాక అది మీ సొత్తు, మీ ఇష్టం వచ్చినవారికి అరువివ్వవచ్చు. ఈ-పుస్తకం విషయంలో మీరు సాధారణంగా కొనేది వాడుకునే అనుమతిని మాత్రమే. ఆ అనుమతి పత్రం ఇతర గ్రంథాలయాలకు ఇవ్వరాదంటే ఇవ్వరాదు, అంతే. ఒక పెద్ద ప్రచురణ సంస్థ 2011లో, ఇరవై ఆరుసార్లు అరువిచ్చాక గ్రంథాలయం మళ్లీ కొనుక్కోవాలని షరతు పెట్టింది కూడా. అనుమతిని కూటమి పేరు మీదే ఉమ్మడిగా కొంటే తప్ప ఇది కుదరదు. మీ కూటమి అటువంటి ఒప్పందం చేసుకుందో లేదో ఒకసారి విచారించండి.

సంచారపెట్టె గారి మాట నిజమే, నేను ఆ పాఠకులను మరిచాను. ముందు పెట్టెలతో ఒక ఏడాది నడిపించి, ఈలోగా కేటలాగుకార్డు గారు చెప్పినట్టు పాత పుస్తకాల వివరాలు ఎక్కించుకుంటూ పొండి. ఏడాది తరువాత నచ్చకపోతే మీ పుస్తకాలన్నీ వెనక్కు తెచ్చుకుని వైదొలిగే షరతును కూడా ఒప్పందంలో చేర్పించండి. మీ పాలకవర్గం సంతకం చేయడానికి అది చాలా ఉపకరిస్తుంది.