ఈ ఎండలకు జెయింట్ గుమ్మడి పిందె నిలవడం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, నాగోల్. ఇంటి వెనక ఖాళీ జాగాలో జనవరి చివర్లో అట్లాంటిక్ జెయింట్ గుమ్మడి విత్తనాలు మూడు పెట్టాను. ఒక్కటే బతికింది. అమెరికాలో 2023లో ఈ రకం కాయే 1,247 కిలోలు తూగింది. నాకంత ఆశ లేదు, యాభై కిలోలు వచ్చినా మా వీధంతా పండగే.

తీగ ఇరవై అడుగులు పాకింది. సమస్యంతా పిందెల దగ్గరే. పొద్దున ఆరింటికే మగ పువ్వు తెంపి, రేకులు వలిచి, ఆడ పువ్వుకి రాస్తున్నాను. పిందె రెండు రోజులు నిగనిగలాడుతుంది, మూడో రోజు కొస నుంచి పసుపెక్కి, మెత్తబడి రాలిపోతుంది. ఇప్పటికి నాలుగు పోయాయి. ఎండ 41 డిగ్రీలు దాటుతోంది. వేడికి పుప్పొడి సరిగ్గా పనిచేయదని తెలుసు, కానీ రాత్రుళ్లు కూడా చల్లబడటం లేదు కదా! మా అత్తయ్యగారు మాత్రం దిష్టి అంటున్నారు. గుమ్మడికాయకే దిష్టి తగిలితే ఇంక దేనితో తీయాలి?

మధ్యాహ్నం ఆకులు వాడి వేలాడతాయి, సాయంత్రానికి మళ్లీ లేస్తాయి. కాబట్టి వేరుకుళ్లు కాదనుకుంటున్నా. బోరు నీళ్లు పొద్దున మాత్రమే పెడుతున్నా, మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిచాను. కణుపుల మీద మట్టి కప్పితే అక్కడా వేళ్లు దిగాయి.

50 శాతం షేడ్ నెట్ తీగంతటికీ వేయాలా, పిందె మీద వేస్తే చాలా? మధ్యాహ్నం ఆకుల మీద నీళ్లు చిలకరించవచ్చా? లేక ఇది వదిలేసి జూన్‌లో వానలు పడ్డాక మళ్లీ విత్తడమే మేలా? మన ఎండల్లో పెంచినవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్.