డాలస్ బౌలింగ్ లీగ్: ఫీజు, స్పాన్సర్లు, తేదీలు (వాలంటీర్లు ఇక్కడే రాయండి)

క్రీడల కమిటీ:
అందరికీ నమస్తే. మన సంఘం దీపావళి ఫంక్షన్ అయ్యాక పార్కింగ్‌లో నిలబడి మాట్లాడుకున్న బౌలింగ్ లీగ్ (క్రికెట్ బౌలింగ్ కాదు, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట) సంగతి ఇక్కడ తేల్చేద్దాం, వాట్సాప్‌లో పెడితే గుడ్ మార్నింగ్ ఫొటోల మధ్య కొట్టుకుపోతుంది. క్రికెట్‌కీ వాలీబాల్‌కీ ఎప్పుడూ అదే కుర్రాళ్ళు వస్తున్నారు, మిగతావాళ్ళకి ఏదైనా పెట్టండని ప్రతి మీటింగ్‌లోనూ అడుగుతున్నారు కదా, ఇది దానికోసమే.

నేను పట్టుబట్టేది ఒక్కటే. ఆట ఖర్చు మొత్తం ఆడేవాళ్ళు కట్టే ఫీజులోంచే రావాలి. స్పాన్సర్ ఇస్తానన్న డబ్బు చూసుకుని లేన్లు (బంతి దొర్లించే బాటలు) బుక్ చేశామంటే, దసరాకి ఇస్తానన్న చెక్కు ఉగాదికి కూడా రాని అనుభవం మనకి కొత్తేం కాదు. స్పాన్సర్ డబ్బు వస్తే ట్రోఫీలకీ, టీషర్టులకీ వాడదాం, రాకపోయినా లీగ్ ఆగకూడదు.

లెక్క ఇలా వేశాను. ఎనిమిది టీములు, టీముకి నలుగురు, మొత్తం 32 మంది. ఎనిమిది లేన్లు కావాలి. మూడు గేములకీ బూట్ల అద్దెకీ కలిపి మనిషికి వారానికి 15 డాలర్లకి బౌలింగ్ సెంటర్ వాళ్ళు ఒప్పుకుంటారనుకుందాం (ఇంకా కొటేషన్ రాలేదు, ఇది లెక్క కోసం అనుకున్నది). వారం ఫీజు 20 పెడితే 15 వాళ్ళకి పోతుంది, 5 బహుమతుల నిధికి. ప్రతి టీమూ మిగతా ఏడు టీములతో ఒక్కోసారి ఆడటానికి ఏడు వారాలు, ఎనిమిదో వారం పాయింట్ల వరసలో ఒకటో టీముతో రెండోది, మూడోదానితో నాలుగోది అలా. అంటే ఎనిమిది వారాలకి మనిషికి 160, బహుమతుల నిధి 1,280. అందులో 400, 280, 200 మొదటి మూడు టీములకి, మిగతా ఐదింటికీ తలా 80. ఎవరూ వట్టి చేతులతో వెళ్ళరు.

సంక్రాంతి ఫంక్షన్ అయ్యాక జనవరి చివర్లో మొదలుపెడితే మార్చి ఆఖరుకి అయిపోతుంది, బహుమతులు ఉగాది స్టేజీ మీద ఇచ్చేయొచ్చు. ఆ నెలల్లో చలికి గ్రౌండ్లు ఎటూ ఖాళీ. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ఆదివారం, మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ (బడి సెలవుల) వారం వదిలేయాలి, లేకపోతే సగంమంది రారు. శుక్ర, శని రాత్రులు అడగొద్దు, అప్పుడు గంటల లెక్కన మామూలు జనంతోనే వాళ్ళకి బాగా గిట్టుబాటు. ఆదివారం సాయంత్రం నాలుగింటికైతే బేరం ఆడొచ్చు, ఎనిమిది వారాలు ఖాయంగా 32 మంది వస్తారు, పైగా తింటారు, తాగుతారు అని చెప్పండి.

ట్రెజరర్:
తమ్ముడూ, లెక్క బాగానే ఉంది కానీ ఈ డబ్బు సంఘం విరాళాల ఖాతాలో కలపడం కుదరదు. మనది 501(సి)(3), అంటే విరాళాలకి పన్ను మినహాయింపు ఉన్న సంస్థ, ఎవరో పన్ను మినహాయింపు కోసం ఇచ్చిన విరాళం తీసుకెళ్ళి బౌలింగ్‌లో గెలిచినవాడి చేతిలో పెడితే రేపు ఆడిటర్‌కి నేను జవాబు చెప్పాలి. లీగ్‌కి విడిగా ఖాతా, చెక్కు మీద ఇద్దరి సంతకాలు. వారం ఫీజుకి విరాళం రసీదు అడగొద్దు, ఆడుకున్నందుకు కట్టింది విరాళం కాదు. కంపెనీ మ్యాచింగ్‌లో (ఉద్యోగి ఇచ్చిన విరాళానికి కంపెనీ తన వంతు కలిపేది) కూడా దాన్ని పెట్టకండి. వాలంటీర్ గంటలకి డబ్బిచ్చే కంపెనీలు కొన్ని ఉన్నాయి, మీ కంపెనీ రూల్ చూసుకుని ఆ గంటలు రాస్తే అది మాత్రం సంఘానికి నిజంగా పనికొస్తుంది, చాలామంది బద్ధకించి వదిలేస్తున్నారు.

ఇంకోటి, రానివాళ్ళ సంగతి. ఒక వారం మానేసినా ఫీజు కట్టాల్సిందే, లేన్ మన పేరు మీదే ఉంటుంది కదా. మొదటి రోజే ఆ వారం ఫీజుతో పాటు చివరి రెండు వారాలది కూడా తీసుకోండి, అంటే 60. ఓడిపోతున్న టీములు ఆఖర్లో మాయమవుతాయి, ఇది ముందే అనుకోవాలి.

ఫ్రిస్కో నుంచి:
అన్నా, మా టీములో మా మావయ్య గారు ఉంటారు, బంతి ఇప్పటిదాకా ముట్టుకోలేదు. ఆఫీసు లీగుల్లో ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళతో పోటీ అంటే ఎలా?

క్రీడల కమిటీ:
హ్యాండిక్యాప్ పెడతాం. 200 లోంచి మనిషి సగటు తీసేసి, మిగిలినదాంట్లో 90 శాతం ప్రతి గేముకీ కలుపుతాం. మావయ్య గారి సగటు 90 అయితే తేడా 110, ఆయనకి 99 కలుస్తాయి, 189. సగటు 160 ఉన్నవాడికి 36 కలిసి 196. చూశావుగా, ఆటగాడికి కాస్త మొగ్గుంది కానీ ఆయన ఆ రోజు తన సగటు కంటే పది ఎక్కువ కొడితే ముందుకొచ్చేస్తారు. కావాలని మొదటివారం బంతి గట్టర్‌లో (లేన్ పక్కనుండే కాలువలో) వేసి సగటు తగ్గించుకునే తెలివిగలవాళ్ళు ఉంటారు, అందుకే సగటు ప్రతివారం మళ్ళీ కడతాం. మనిషి రాకపోతే అతని సగటులోంచి 10 తీసేసి ఆ స్కోరు రాస్తాం.

మహిళా విభాగం:
మా వైపు నుంచి రెండు టీములు ఖాయం, ఇంకోటి రావచ్చు. కానీ పిల్లల్ని ఎక్కడ పెట్టాలో చెప్పకుండా ఆదివారం నాలుగింటికి రమ్మంటే ఎలా అన్నా? మూడు గేములంటే రెండు గంటలు పైనే పడుతుంది. పక్కన ఒక లేన్ గట్టర్‌కి అడ్డం పెట్టించి పిల్లలకి ఇప్పించండి, ఆ ఖర్చు స్పాన్సర్ దగ్గర అడుగుదాం, టీషర్టుల కంటే అదే అవసరం. ఇంకా, అందరూ సాక్సులు తెచ్చుకోమని పెద్ద అక్షరాల్లో రాయండి, చెప్పులేసుకుని వచ్చేవాళ్ళు మనలో చాలామంది. బంతులు 16 పౌండ్ల దాకా ఉంటాయి, మగవాళ్ళు పౌరుషానికి పోయి బరువుది ఎత్తి నడుం నొప్పి తెచ్చుకోవద్దని కూడా.

ప్లేనో నుంచి:
మాకు తెలిసిన బిర్యానీ హోటల్ ఆయన స్పాన్సర్ చేస్తానన్నారు, ప్రతివారం రెండు ట్రేలు పంపిస్తారట.

క్రీడల కమిటీ:
అక్కా, పిల్లల లేన్ మంచి మాట, టీషర్టులు తీసేసి అదే రాసుకున్నాను. బిర్యానీ ట్రేలు మాత్రం వద్దు. ఈ సెంటర్లలో బయట తిండి సాధారణంగా రానివ్వరు, వాళ్ళ లాభం అక్కడే. పైగా ఆ చేత్తోనే బంతి పట్టుకుంటే తర్వాత పట్టుకునేవాడి గతేమిటి! ఆయన్ని హోటల్ కూపన్లు ఇమ్మందాం, వారంలో ఎక్కువ స్కోరు కొట్టినవాళ్ళకి ఒకటి, సగటు కంటే ఎక్కువ మెరుగుపడినవాళ్ళకి ఒకటి. బీరు ఎవరి డబ్బుతో వాళ్ళు కొనుక్కోవచ్చు, సంఘం బిల్లులో ఆ మాట ఉండకూడదు.

యూత్ విభాగం:
యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ ఆటని నడిపే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్) సర్టిఫికేషన్ తీసుకుందామా? వాళ్ళ ఆఫీసు మన ఆర్లింగ్టన్‌లోనే ఉంది.

క్రీడల కమిటీ:
ఈసారికి వద్దు. ప్రతి ఆటగాడూ మెంబర్‌షిప్ కట్టాలి, కొత్తవాళ్ళు అక్కడే వెనక్కి తగ్గుతారు. వాళ్ళ రూల్స్ చదివి పనికొచ్చేవి వాడుకుందాం.

పనులు: కొటేషన్లు నేనూ ఫ్రిస్కో తమ్ముడూ, కనీసం మూడు సెంటర్లు. మేం మధ్యలో మానేస్తే అడ్వాన్స్ ఎంత పోతుందో రాతపూర్వకంగా తీసుకుంటాం. ఖాతా ట్రెజరర్ గారు. పేర్ల షీటు మహిళా విభాగం, మానేసినవాళ్ళ బదులు ఆడటానికి ఆరుగురి పేర్లు విడిగా రాయండి. థాంక్స్‌గివింగ్ లోపు 24 మంది డబ్బు కట్టకపోతే ఆరు టీములతో కాదు, నాలుగు టీములతో చేద్దాం, నాలుగు లేన్లు చాలు, ఫీజు మాత్రం అదే 20.

ప్లేనో నుంచి:
కూపన్లకి ఆయన ఒప్పుకున్నారు. కానీ బ్యానర్ మీద ఫొటో కావాలట.

ట్రెజరర్:
ముందు చెక్కు గానీ కూపన్లు గానీ చేతికి రానివ్వండి.