ఆఫీస్ టెన్షన్ దిగాలంటే రైతుబజార్‌కి వెళ్తున్నా, మీలో ఇంకెవరైనా ఉన్నారా?

కూకట్‌పల్లి_నైట్‌షిఫ్ట్:
సపోర్ట్ ప్రాజెక్ట్‌లో చేస్తా, నెలకో వారం ఆన్‌కాల్. ఆ వారం ఫోన్ మోగకపోయినా మోగినట్టే ఉంటుంది, స్నానం చేస్తున్నా చెవి అటే. మొన్న శుక్రవారం సర్వర్ పడిపోయి తెల్లవారుజామున 4:30 దాకా కాల్‌లోనే ఉన్నా, అయ్యాక పడుకుంటే నిద్ర పట్టలేదు, కళ్లు మూస్తే అవే ఎర్రర్లు. ఇక లాభం లేదని లేచి సంచి పట్టుకుని కూకట్‌పల్లి రైతుబజార్‌కి నడిచా. అప్పుడే సరుకు దింపుతున్నారు, కొత్తిమీర కట్టల్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఎర్ర గోంగూర 2 కట్టలు, పావుకిలో పచ్చిమిర్చి తీసుకున్నా. బెండకాయ కొనలు విరిచి చూస్తుంటే ఆ పెద్దావిడ "అన్నీ విరిచేస్తే నేనెవరికి అమ్మను నాయనా" అని, మళ్లీ తనే 4 లేతవి ఏరి కొసరేసింది. ఇంటికొచ్చి గోంగూర ఆకులు తుంచుతూ కూర్చున్నా, అరగంట పట్టింది, ఆ అరగంటలో ఆఫీస్ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. చాలా నెలల తర్వాత అలా అయింది. మీరేం కొంటారు, ఏం వండుతారు?

వైజాగ్_బ్యాంకమ్మాయి:
నాకు మార్చి నెలాఖరు. క్లోజింగ్ రోజుల్లో ఇంటికొచ్చేసరికి ఒక్కోసారి రాత్రి 11 దాటుతుంది. కానీ సరిగ్గా అది అయ్యేసరికి చింతచిగురు మొదలవుతుంది, నాకదే పండగ. ఎంవీపీ కాలనీ రైతుబజార్‌కి వెళ్తా. 1999లో రైతుబజార్లు పెట్టిన కొత్తలో మా నాన్న నన్ను తీసుకెళ్లి బోర్డు మీద రేట్లు చదివించి కూడికలు చేయించేవారు, ఇప్పుడూ ఆ బోర్డు ముందు కాసేపు నిలబడతా. రోజంతా చూసేవీ అంకెలే, కానీ ఇవి భయపెట్టవు. చిగురులో పుల్లలు ఏరి అరచేతుల మధ్య నలుపుతుంటే ఒక పుల్లటి వాసన వస్తుంది చూడండి, అక్కడే సగం బరువు దిగిపోతుంది. ఎండురొయ్యలతో కూర, లేదంటే పప్పు.

టీచరమ్మ_గుంటూరు:
మీ ఇద్దరిదీ చదువుతుంటే బాగుంది కానీ నా సంగతి వేరు. ఇద్దరు పిల్లలు, అత్తమామలు, పొద్దున 5కి మొదలుపెడితే 7:30కి క్యారేజీలు కట్టాలి, స్కూల్ నుంచి వచ్చి మళ్లీ రాత్రి వంట. వంట చేస్తే స్ట్రెస్ పోతుందని ఎవరైనా అంటే నాకు కోపమొచ్చేది, ఎందుకంటే నాకది రెండో డ్యూటీ. పోయిన సంవత్సరం నుంచి ఆదివారం వంట మావారికి వదిలేశా. గురువారం సాయంత్రం ఒక్కదాన్నే మార్కెట్‌కి వెళ్తా, పావుకిలో కాకరకాయలు తెచ్చుకుంటా. ఇంట్లో ఎవరూ తినరు, నాకు మాత్రమే ఇష్టం. పెళ్లయిన 14 ఏళ్లలో నాకోసమే అని వండుకున్నది అదొక్కటే. ఆ వేపుడు చేస్తున్నంతసేపూ వంటగదిలోకి ఎవర్నీ రానివ్వను.

ఓరుగల్లు_తమ్ముడు:
టీచరమ్మ అక్కా నువ్వు చెప్పింది నిజం, మా అమ్మ గూడ గట్లనే కష్టపడేది, అప్పుడు మాకు సమజ్ కాలే. నేను సేల్స్‌ల చేస్త, టార్గెట్ల నెల అంటే దినమంత ఫోనే. యాప్‌ల ఆర్డర్ పెడితే జల్దీ వస్తది గనీ మళ్ల ఫోన్ జూసుడే కద, గందుకే నేనే పోయి తెచ్చుకుంట. గంగవాయిల కూర దొరికితే పప్పుల ఏస్త. బాగ అలిసిన్నాడు పచ్చిపులుసే. పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిగడ్డ కోసి, చింతపండు రసంల చేత్తోనే మంచిగ పిసికి, ఇన్ని నువ్వుల పొడి కలిపి పోపు పెట్టుడే. చెంచతోని కలిపితే ఆ రుచి రాదు.

కొత్తవంట_బెంగళూరు:
నేను ఈ మధ్యే మొదలుపెట్టా, టమాటా పప్పు చేద్దామంటే కందిపప్పు ఎంతసేపటికీ ఉడకట్లేదు, చిరాకు ఇంకా పెరుగుతోంది. ఏం తప్పు చేస్తున్నా?

వైజాగ్_బ్యాంకమ్మాయి:
చింతపండు ముందే వేసేస్తున్నారేమో? పులుపు పడితే పప్పు మెత్తబడదు. అరగంట నానబెట్టి, పసుపు, ఒక చుక్క నూనె వేసి ఉడికించండి, మెదిపాకే పులుపూ ఉప్పూ.

ఫ్రిస్కో_పెరడు:
మేం టెక్సస్‌లో. లేఆఫ్ వార్తలు వచ్చిన వారమల్లా ఇండియన్ స్టోర్‌కి వెళ్లొస్తాం, ఏమీ అవసరం లేకపోయినా. గోంగూర మాత్రం పెరట్లో కుండీల్లోనే, ఇక్కడి ఎండకి ఏపుగా పెరుగుతుంది, మంచు పడితే మాత్రం ఒక్క రాత్రిలో పోతుంది. మీటింగ్ అయ్యాక ల్యాప్‌టాప్ మూసి వెళ్లి 10 ఆకులు తెంపుకొస్తా, పచ్చడికి చాలకపోయినా సరే.

కూకట్‌పల్లి_నైట్‌షిఫ్ట్:
అందరికీ థాంక్స్, ఇంతమంది ఉంటారనుకోలేదు. టీచరమ్మ గారూ, మీ కాకరకాయ వేపుడు ఎలాగో చెప్తారా? నాకూ ఇష్టమే, కానీ ఎప్పుడు చేసినా చేదు ఎక్కువైపోతుంది.

టీచరమ్మ_గుంటూరు:
లేతవి చూసి తీసుకో బాబూ, గింజ ముదిరితే తీసెయ్. చక్రాల్లా కోసి ఉప్పూ పసుపూ పట్టించి అరగంట వదిలెయ్, తర్వాత గట్టిగా పిండితే చేదు చాలావరకు నీళ్లలో పోతుంది. సన్నమంట మీద మూత పెట్టకుండా కరకరలాడేదాకా వేపు, దించే ముందు వెల్లుల్లి కారం. మంట దగ్గర్నుంచి కదలకూడదు, అందుకని ఆన్‌కాల్ లేని రోజే పెట్టుకో.