వీపీఎస్‌లో పోర్టు 25 ఎందుకు మూసేస్తారు? రసీదుల మెయిల్స్ వెళ్లట్లేదు

అమీర్‌పేట_వెబ్:
అందరికీ నమస్తే. ఇక్కడ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ సైట్‌ను కొత్త వీపీఎస్‌కి (అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్) మార్చాం. ఉబుంటు, మెయిల్ పంపడానికి పోస్ట్‌ఫిక్స్. ఫీజు రసీదులు, ఓటీపీలు కలిపి రోజుకు 300 మెయిల్స్ దాకా వెళ్లాలి, ఒక్కటీ పోవట్లేదు. లాగ్‌లో ప్రతిదానికీ "కనెక్షన్ టైమ్డ్ అవుట్", ఆ వెంటే "స్టేటస్=డిఫర్డ్" (వాయిదా పడింది). యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో పోర్టు 25 తెరిచినా అంతే. సపోర్ట్‌ను అడిగితే "25 బ్లాక్, మా పాలసీ" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. డబ్బు కట్టిన సర్వర్‌లో ఈ అడ్డేంటి? వెబ్‌సైట్లు వాడే 80కీ 443కీ లేనిది దీనికే ఎందుకు?

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
యూఎఫ్‌డబ్ల్యూలో మీరు తెరిచింది లోపలికి వచ్చే దారి. మూసింది బయటికి పోయే దారి, అదీ మీ మెషీన్ దాటాక వాళ్ల నెట్‌వర్క్‌లో. "రెఫ్యూజ్డ్" అని కాకుండా "టైమ్డ్ అవుట్" అని వస్తోందంటే ప్యాకెట్లను మధ్యలోనే చప్పుడు లేకుండా పడేస్తున్నారన్నమాట. జీమెయిల్ ఎంఎక్స్ సర్వర్‌కి (మెయిల్ అందుకునే సర్వర్) 25 మీద, తర్వాత ఏదైనా సైట్‌కి 443 మీద ఎన్‌సీ కమాండ్‌తో కనెక్ట్ అయి చూడండి. మొదటిది వేలాడి, రెండోది వెంటనే కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ఎందుకంటారా, సర్వర్ నుంచి సర్వర్‌కి మెయిల్ చేరేది 25 మీదే. మెయిల్ పంపే 1982 నాటి ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతి ఇప్పటికీ అదే: తన యూజర్లకు వచ్చే మెయిల్‌ను అవతలి సర్వర్ పాస్‌వర్డ్ అడగకుండానే తీసుకోవాలి, లేదంటే కొత్తవాళ్ల మెయిల్ ఎవరికీ అందదు. అందుకే పంపినవాడి ఐపీకి ఎలాంటి పేరుందో ముందు చూస్తారు. ఆ ఐపీ మీది కాదు, ప్రొవైడర్‌ది. దొంగిలించిన కార్డుతో గంట లెక్కన మెషీన్ తీసుకుని, లక్షల్లో స్పామ్ గుప్పించి, ఫిర్యాదు వచ్చేసరికి మెషీన్ డిలీట్ చేసి పోతారు. ఆ ఐపీ రేపు మీలాంటి వాళ్ల చేతికొస్తుంది. స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టులు ఒక్కోసారి చుట్టూ ఉన్న 256 అడ్రసులనూ కలిపి చేరుస్తాయి. అంటే ఏ తప్పూ చేయని పక్క కస్టమర్ మెయిల్ కూడా ఆగుతుంది.

దురుద్దేశం లేని కస్టమర్ల నుంచీ ఇదే ముప్పు. పాత వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లోంచి దూరిన స్క్రిప్టు పోస్ట్‌ఫిక్స్‌ను ముట్టుకోకుండా నేరుగా 25కి కనెక్ట్ అవుతుంది. మీరు క్యూ చూస్తే ఖాళీగానే కనిపిస్తుంది. గూగుల్ క్లౌడ్, ఏడబ్ల్యూఎస్, అజూర్ కూడా బయటికి పోయే 25ని మొదట్నుంచీ మూసో, బిగించో ఉంచుతాయి. సపోర్ట్ వాళ్లు ఈ కారణం చెప్పి ఉండాల్సింది, అది మాత్రం వాళ్ల తప్పే.

దిల్‌సుఖ్‌నగర్_డీఎన్‌ఎస్:
మీ అవసరానికి రిలే సరైన దారి. 587, 465 పోర్టుల మీద పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యి, మీ తరఫున పంపే సర్వర్‌కి మెయిల్ అప్పగిస్తారు. తప్పు జరిగితే ఆ ఒక్క ఖాతా ఆపేస్తే చాలు కాబట్టి చాలామంది ప్రొవైడర్లు వీటిని మూయరు. మామూలు జీమెయిల్‌కి రోజుకు 500 పరిమితి, పైగా రసీదులు సొంత డొమైన్ నుంచి వెళ్లడమే పద్ధతి. ఇలా మెయిల్ పంపిపెట్టే అమెజాన్ ఎస్‌ఈఎస్ సర్వీస్‌కి ముంబై రీజియన్ ఉంది. మొదట శాండ్‌బాక్స్‌లో (ప్రయోగ దశ) ఉంటారు: 24 గంటలకు 200 మెయిల్స్, అవీ వెరిఫై చేసిన అడ్రసులకే. బయటికి రావడానికి రిక్వెస్ట్ పెట్టాలి, ఎవరికి ఏం పంపుతారో అందులో స్పష్టంగా రాయండి.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైల్ మెయిన్ డాట్ సీఎఫ్‌లో రిలేహోస్ట్ దగ్గర సర్వర్ పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి, కోలన్ తర్వాత 587 రాయండి. బ్రాకెట్లు మరిచిపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎంఎక్స్ వెతుక్కుంటూ పోతుంది. సాసల్ ఆథ్ (పాస్‌వర్డ్ లాగిన్) ఆన్ చేసి, టీఎల్‌ఎస్ (కనెక్షన్ గుప్తీకరణ) లెవెల్‌ను "ఎన్‌క్రిప్ట్" అని పెట్టండి. పాస్‌వర్డ్ ఫైల్‌కి 600 పర్మిషన్ ఇచ్చి, పోస్ట్‌మ్యాప్ నడిపి, రీలోడ్ చేయండి. ఎస్‌ఈఎస్ ఎస్‌ఎమ్‌టీపీ పాస్‌వర్డ్ వేరు, ఏడబ్ల్యూఎస్ సీక్రెట్ కీ వేరు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

డీఎన్‌ఎస్‌లో డీకిమ్ (మెయిల్ మీద మీ డొమైన్ డిజిటల్ సంతకం) కోసం వాళ్లిచ్చే 3 సీనేమ్ రికార్డులు పెట్టండి. ఫిబ్రవరి 2024 నుంచి జీమెయిల్ ప్రతి సెండర్‌కీ ఎస్‌పీఎఫ్ (మీ తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే రికార్డు) లేదా డీకిమ్ ఉండాలంటోంది, రోజుకు 5,000 దాటితే రెండూ, వాటితోపాటు డీమార్క్ (ఆ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా.

అమీర్‌పేట_వెబ్:
చాలా థ్యాంక్స్ అన్నా. మా దగ్గర 587 కూడా మూసే ఉంది. ఎస్‌ఈఎస్ డాక్యుమెంట్ చూసి 2587 పెట్టాను, కనెక్ట్ అయింది. ఇప్పుడు "నో మెకానిజం అవైలబుల్" అంటోంది.

దిల్‌సుఖ్‌నగర్_డీఎన్‌ఎస్:
సాసల్ లాగిన్‌కి కావాల్సిన లిబ్‌సాసల్2-మాడ్యూల్స్ ప్యాకేజీ లేదు. ఆప్ట్‌తో వేసి పోస్ట్‌ఫిక్స్ రీస్టార్ట్ చేయండి.

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
రీస్టార్ట్‌కి ముందు ఒక్క పని మరవకండి. వెళ్లని మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ 5 రోజులు దాచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దారి తెరుచుకోగానే మొన్నటి ఓటీపీలన్నీ పిల్లల ఫోన్లలో ఒకేసారి వచ్చిపడతాయి, వాళ్లు స్పామ్ అని నొక్కుతారు, కొత్త డొమైన్‌కి మొదటి రోజే మచ్చ. మెయిల్‌క్యూలో చూసి కావాల్సిన రసీదుల ఐడీలు రాసుకుని, వాటిని పోస్ట్‌సూపర్ కమాండ్‌తో హోల్డ్‌లో (పంపకుండా ఆపి) పెట్టండి. తర్వాత డిఫర్డ్‌లో మిగిలినవన్నీ తీసేయండి, హోల్డ్‌లో ఉన్నవి పోవు. దారి కుదిరాక వాటిని కొన్ని కొన్నిగా వదలండి.