ఏసీకి ఏటా గ్యాస్ కొట్టించాల్సిందేనా? ఈసారి కాయిల్ కూడా మార్చాలంటున్నారు

బెజవాడ_ఎండ
మాది విజయవాడ. 2018లో కొన్న ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, రాగి కాయిల్, ఆర్-32 గ్యాస్. ఆరేళ్లు ఏ గొడవా లేదు. 2024 ఏప్రిల్‌లో చల్లదనం తగ్గితే మెకానిక్ వచ్చి గ్యాస్ అయిపోయింది సార్ అని 2,800 తీసుకున్నాడు. 2025లో మళ్లీ అదే మాట, 3,200. ఇప్పుడు మూడో ఏడు, అతనే వచ్చి ఈసారి అవుట్‌డోర్ కాయిల్ పోయింది, మార్చాలి, గ్యాస్‌తో కలిపి 9,500 అవుతుందంటున్నాడు. మా ఆవిడ దీన్ని అమ్మేసి కొత్తది తీసుకుందామంటోంది, నాన్నగారు రిపేరే చేయించమంటున్నారు. ఆ గదిలో పడుకునేది 74 ఏళ్ల ఆయనే, రోహిణి కార్తె ముందుంది, అందుకే నాకు టెన్షన్. ఏటా గ్యాస్ కొట్టించడం నిజంగా ఉండేదేనా, లేక రెండేళ్లుగా నేను మోసపోయానా?

కూకట్‌పల్లి_ఫ్లాట్
మోసపోయారండి, మొహమాటం లేకుండా చెబుతున్నా. గ్యాస్ అనేది బండిలో పెట్రోల్ కాదు, తిరిగేకొద్దీ ఖర్చైపోవడానికి. అది గొట్టాల్లో ఇంట్లోంచి బయటికి, బయటి నుంచి ఇంట్లోకి తిరుగుతూనే ఉంటుంది, అంతే. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టు. మీ ఇంట్లో ఫ్రిజ్ ఎన్నేళ్లుగా నడుస్తోంది? దానికి ఎప్పుడైనా ఏటేటా గ్యాస్ కొట్టించారా? లీక్ ఎక్కడుందో చూపించకుండా గ్యాస్ కొట్టి డబ్బు తీసుకోవడమంటే చిల్లు కుండలో నీళ్లు పోసి కూలి అడగడమే. ఆ 6,000 పోయినట్టే, ఇకమీదట ఆ మనిషిని గడప తొక్కనివ్వకండి.

మెకానిక్_18ఏళ్లు
కూకట్‌పల్లి గారూ, లీక్ గురించి మీరు చెప్పింది నిజం. ఫ్రిజ్‌తో పోల్చడం మాత్రం తప్పు. ఫ్రిజ్ గొట్టాలు మొత్తం ఫ్యాక్టరీలోనే అతికించి వస్తాయి, ఇంటికి తెచ్చి ప్లగ్ పెట్టడమే. స్ప్లిట్ ఏసీకి నాలుగు జాయింట్లు మీ గోడ దగ్గరే వేస్తారు, లోపల రెండు, బయట రెండు. రాగి గొట్టం అంచు విప్పార్చి నట్టు బిగిస్తాం, దాన్నే ఫ్లేర్ అంటాం. అది సన్నగా చీలినా, నట్టు సరిగ్గా బిగియకపోయినా గ్యాస్ కొంచెం కొంచెంగా పోతుంది. ఇల్లు మారినప్పుడల్లా విప్పి మళ్లీ బిగించిన ఏసీల్లో ఇది మరీ ఎక్కువ.

ఇంకో మాట, మీ వైపు తప్పు కూడా చెబుతాను, ఏమీ అనుకోకండి. లీక్ టెస్ట్ చేయాలంటే నైట్రోజన్ సిలిండర్ మోసుకుని మూడో అంతస్తు ఎక్కాలి, ప్రెజర్ పెట్టి గంటా రెండు గంటలు గేజ్ చూస్తూ కూర్చోవాలి. దానికి 1,500 అవుతుందంటే పదిమందిలో ఎనిమిది మంది అదంతా వద్దు బాబూ, ఈ రాత్రికి చల్లగా ఉంటే చాలు అంటారు. మే నెలలో రోజుకి ఎనిమిది ఫోన్లు వస్తాయి, గ్యాస్ కొట్టి వెళ్లిపోతాం. రెండు నెలల్లో మళ్లీ వేడిగాలి వస్తే దొంగ మేమే. మాలో మోసం చేసేవాళ్లు లేరని నేననను, ఉన్నారు, వాళ్ల వల్ల మా అందరికీ పేరు పోతోంది.

వైజాగ్_ఉప్పుగాలి
కాయిల్ పోవడం కూడా అబద్ధం కాకపోవచ్చండి. మా ఇల్లు బీచ్‌కి దగ్గర. నాలుగో ఏడాదే అవుట్‌డోర్ కాయిల్ రేకులు చేత్తో ముట్టుకుంటే బూడిదలా రాలిపోయాయి, లోపల గొట్టానికి రెండు చోట్ల సన్న రంధ్రాలు. అతికించారు, రెండు నెలలకి ఇంకోచోట పడింది, చివరికి 8,000 పెట్టి మార్చాం. బెజవాడలో ఉప్పుగాలి లేదు కానీ మీ అవుట్‌డోర్ కింద మురుగు కాలువ ఉందేమో చూడండి, ఆ వాసన గాలి కూడా రాగిని తినేస్తుంది. మీది రాగి కాబట్టి ఒకటి రెండు చోట్లే అయితే అతికించొచ్చు. మాది అల్యూమినియం, దాన్ని అతికించగలిగేవాళ్లు దొరకడమే కష్టం.

అద్దెఇంటి_పద్మం
అన్నయ్యా, అసలు గ్యాస్ తగ్గిందని ఎలా తేల్చాడు? గేజ్ పెట్టాడా? నాకు పోయినేడాది ఒకాయన గది గుమ్మంలో నిలబడి చెయ్యి అడ్డం పెట్టి గాలి చూసి, గ్యాస్ లేదమ్మా 3,500 అన్నాడు. నేను వద్దని ఇంకొకాయన్ని పిలిపించాను. ఆయన ముందు ఫిల్టరు తీసి చూపించాడు, దుమ్ము కంబళిలా పట్టి ఉంది. బయట యూనిట్‌కి పావురాల ఈకలు, పీచు. రెండూ నీళ్లతో కడిగి 600 తీసుకున్నాడు. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని పడుకున్నాం.

బెజవాడ_ఎండ
లేదమ్మా, గేజ్ ఈసారి పెట్టలేదు. పోయినేడాది పెట్టినట్టు గుర్తు. వైజాగ్ గారూ, కాలువ లేదు కానీ పక్కింటివాళ్ల బాత్రూం గొట్టం అక్కడే ఉంది. ఇంకో సందేహం, వారంటీ కార్డు మీద పదేళ్లు అని ఉంది, అది పనికొస్తుందా?

కూకట్‌పల్లి_ఫ్లాట్
ఆ పదేళ్లు మామూలుగా కంప్రెసర్‌కి మాత్రమే ఇస్తారు. కాయిల్, గ్యాస్, కూలి అందులోకి రావు. కంప్రెసర్ పోయినా అదొక్కటే ఉచితం, దాన్ని బిగించడానికీ గ్యాస్‌కీ డబ్బు మీదే అనే షరతు చాలా కార్డుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా సలహా, ఎనిమిదేళ్ల యంత్రానికి 9,500 పెట్టకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కొత్త ఫైవ్ స్టార్ తీసుకుంటే కరెంటు కూడా మిగులుతుంది.

లెక్కల_మాస్టారు
మిగులు ఎంతో లెక్క వేసి మాట్లాడదాం. స్టార్ లేబుల్ మీద ఉండే యూనిట్ల అంకె ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసింది. పాతదాని అంకెలోంచి కొత్తదాని అంకె తీసేయండి. తేడా 250 యూనిట్లు అనుకుందాం, యూనిట్ 8 రూపాయలనుకున్నా ఏడాదికి 2,000. కొత్త ఏసీకి బిగింపుతో కలిపి 40,000 అయితే కరెంటు మిగులు మీద ఆ డబ్బు రావడానికి ఇరవై ఏళ్లు. రాత్రిపూట ఐదు నెలలే వాడే ఇంట్లో ఇంకా ఎక్కువ. కాబట్టి కరెంటు కోసమని కొత్తది కొనకండి. కంప్రెసర్ పోయి వారంటీ కూడా అయిపోయి ఉంటే అప్పుడు కొత్తదే నయం. ఆర్-22 గ్యాస్ పాత ఏసీ అయితే కూడా అంతే, ఆ గ్యాస్ మన దేశంలో 2030 నాటికి ఆపేసే దారిలో ఉంది. మీది ఈ రెండూ కాదు.

మెకానిక్_18ఏళ్లు
మాస్టారి మాటే నాదీ. బెజవాడ గారూ, కాయిల్ మార్చడానికి ఒప్పుకునే ముందు నైట్రోజన్ టెస్ట్ చేయించండి, దగ్గరుండి చూడండి. ముందు జాయింట్ల దగ్గర నూనె మరక ఉందేమో వెతకమనండి, గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం బయటికొస్తుంది, దాని మీద దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తుంది. ఎవరైనా ప్రెజర్‌కి ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే వెంటనే ఆపించండి, నూనెకి ఆక్సిజన్ తగిలి కంప్రెసర్ పేలిన ప్రమాదాలున్నాయి. ఆర్-32 మండే గుణమున్న గ్యాస్ కాబట్టి గొట్టం అతికించే మంట టార్చ్ వెలిగించే ముందు లోపలి గ్యాస్ మొత్తం తీసేయాలి. లీక్ మూశాక గొట్టాల్లోని గాలి, తేమ లాగేయడానికి వాక్యూమ్ పంపు పెట్టాలి, తర్వాత గ్యాస్‌ని తూకం వేసి ఎక్కించాలి. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, గేజ్ ముల్లు చూసి కొట్టేస్తే లెక్క తప్పుతుంది. ఎన్ని గ్రాములో అవుట్‌డోర్ పక్కన స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. పాత కాయిల్ మార్చితే దాన్ని మీకిచ్చేయమని అడగండి.

బెజవాడ_ఎండ
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. ఇంకొకాయన్ని పిలిచాం. నైట్రోజన్ 300 పీఎస్ఐ దాకా పెట్టాడు, అరగంటలో ముల్లు 280కి దిగింది. సబ్బునురగ బ్రష్‌తో నాలుగు జాయింట్లకీ రాశాడు, ఏమీ లేదు. తర్వాత కాయిల్ చివర గొట్టం వంపు తిరిగే చోట రాస్తే ఆవగింజంత బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశారు. అక్కడొక్కచోటే. అతికించి, మళ్లీ ప్రెజర్ పెట్టి రెండు గంటలు ఉంచితే ముల్లు కదల్లేదు. టెస్ట్, అతుకు, వాక్యూమ్, గ్యాస్ అన్నీ కలిపి 5,200, బిల్లు రాసిచ్చాడు, అతుకు మీద ఆరు నెలల గ్యారంటీ.

కూకట్‌పల్లి_ఫ్లాట్
సంతోషం. కానీ ఆ పక్కింటి గొట్టం అక్కడే ఉంటే ఇంకోచోట పడుతుంది, అవుట్‌డోర్ జరిపించండి.

మెకానిక్_18ఏళ్లు
జరిపితే మళ్లీ రెండు ఫ్లేర్ జాయింట్లు విప్పాలి కదండీ. గొట్టాన్ని జరపమని పక్కింటివాళ్లని అడగడం తేలిక.

బెజవాడ_ఎండ
అడిగాను. ఆదివారం ప్లంబర్ వస్తాడట.