థార్‌కు డొనాల్డ్ బ్లేక్ కావాలా, అక్కర్లేదా?

పాతకట్ట
1984లో మార్వెల్ కామిక్స్ రచయిత వాల్టర్ సైమన్సన్ బ్లేక్‌ను కథలోంచి తీసేసి థార్‌ను బాగుచేశాడని అందరూ అనేమాటే. నా లెక్కలో ఆ రోజే థార్ సగం చచ్చాడు.

మార్వెల్ పాత కామిక్స్ చదవనివాళ్ల కోసం సంగతి ఇది. 1962 ఆగస్టు తేదీతో వచ్చిన ‘జర్నీ ఇంటు మిస్టరీ’ 83వ సంచికలో డొనాల్డ్ బ్లేక్ అనే కుంటి డాక్టరు నార్వేలో ఉంటాడు. శనిగ్రహం నుంచి దిగిన రాతిమనుషులు వెంటపడితే గుహలో దూరి, అక్కడ దొరికిన ఊతకర్రను కోపంకొద్దీ బండకేసి కొడతాడు. కర్ర సుత్తి అవుతుంది, డాక్టరు ఉరుముల దేవుడు థార్ అవుతాడు. ఆ సుత్తిని నేలకేసి ఒకసారి తాటిస్తే మళ్లీ బ్లేక్. రెండుసార్లు తాటిస్తే గాలివాన, మూడుసార్లకు వాన బంద్. సుత్తి చేయిదాటి 60 సెకన్లయిందంటే మాత్రం అడిగేది లేదు, ఉన్నచోటే బ్లేక్ అయిపోతాడు.

కథ బండికి ఇరుసు ఆ 60 సెకన్లే. కొండను పిండిచేసేవాణ్ని ఓడించడానికి ఇంకో కొండంతవాడు అక్కర్లేదు, ఒక్క నిమిషం సుత్తిని అందకుండా చేస్తే చాలు. 88వ సంచికలో థార్ తమ్ముడు లోకి చేసిందదే. బ్లేక్ ప్రేమించే నర్సు జేన్‌ను ఆపదలో పెట్టి, ఆమెను కాపాడ్డానికి థార్ సుత్తి విసిరేదాకా ఆగి, సుత్తికీ చేతికీ మధ్య మాయగోడ కట్టాడు. దేవతల పగ, మనిషి మీద ప్రేమ, గడియారం, మూడూ ఒకే పేజీలో. బ్లేక్‌ను తీసేస్తే అక్కడ మిగిలేది అన్నదమ్ముల గొడవ ఒక్కటే.

మూడో ప్యానెల్
పాతకట్ట గారూ, చావు నిజమే, కానీ హంతకుడు మీరు చూపించినాయన కాదు.

‘జర్నీ ఇంటు మిస్టరీ’ పేరే 126వ సంచిక నుంచి ‘థార్’గా మారింది, నంబర్లు అలాగే సాగాయి. ఆ వరసలో 136వది, 1967 జనవరిది తీయండి. అప్పటిదాకా బ్లేక్‌ను భూమికి కట్టేసిన తాడు ఆసుపత్రి కాదు, అక్కడి నర్సు జేన్ ఫాస్టర్. మనిషిని పెళ్లాడతానంటే థార్ తండ్రి, దేవతల రాజు ఓడిన్ ఒప్పుకోడు. ఈ సంచికలో ఆమెను దేవతల లోకం ఆస్గార్డ్‌కు రప్పించి, అమరత్వమిచ్చి, ఒక భూతం ముందు నిలబెడతాడు. ఆమె భయపడిపోతుంది. వెంటనే ఇచ్చిన శక్తి లాక్కుని, జ్ఞాపకం తుడిచి భూమ్మీదికి పంపేసి, అదే సంచికలో థార్ ముందుకు సిఫ్ అనే దేవతను తెస్తాడు. తాడు అక్కడే తెగింది.

ఇక 158, 159 సంచికల్లో (1968) అసలు గుట్టు విప్పారు. బ్లేక్ అనేవాడే లేడట! కొడుకు పొగరు అణచడానికి ఓడిన్ అతని జ్ఞాపకాలు తుడిచి, కుంటి కాలితో కిందికి దింపాడట. మన భారతంలో వసిష్ఠుడి శాపం తగిలిన వసువు కూడా కిందికి దిగాడు, కానీ గంగ కడుపున పుట్టి, తండ్రి కోసం రాజ్యం వదులుకుని భీష్ముడయ్యాడు. ఆ జీవితం అతనిదే. బ్లేక్‌కు తల్లీ లేదు, బాల్యమూ లేదు. అతను వేషం. వేషానికి కర్తవ్యం ఏముంటుంది? సైమన్సన్ చేసింది పదహారేళ్లుగా ముందు గదిలో ఉన్న శవానికి దహనం.

పాతకట్ట
వేషమే అనుకుందాం. ఆపరేషన్ బల్లమీద పడుకున్న రోగికి ఆ తేడా తెలుస్తుందా? కత్తి పట్టుకున్న చెయ్యి నిజమైనదే కదా.

ఉక్కుకొలిమి
ఇద్దరూ ఒక ముచ్చట మర్చిపోతున్నారు. సైమన్సన్ బ్లేక్‌ను తీసింది ఆ 60 సెకన్ల రూల్‌తోనే! 337వ సంచిక (1983 నవంబరు) వరసగా చూడండి. అంతరిక్షంలో బీటా రే బిల్ అనే గ్రహాంతరవాసితో కొట్లాటలో సుత్తి చేయిజారుతుంది, నిమిషం దాటుతుంది, థార్ బ్లేక్ అవుతాడు, సుత్తి కర్ర అవుతుంది. అసలు చిక్కు ఇక్కడే. సుత్తిని అర్హుడు తప్ప ఎవడూ లేపలేడు గానీ కర్రకు ఆ కాపలా లేదు, ఎవడైనా పట్టుకుపోవచ్చు. బిల్ ఆ కర్ర తీసి విసురుగా గోడకు కొడతాడు. అతను అర్హుడు, కాబట్టి శక్తి అతనికి వస్తుంది. ఓడిన్ ‘థార్’ను పిలిస్తే వెళ్లేది బిల్, బ్లేక్ అక్కడే దిక్కులేకుండా నిలబడిపోతాడు. ఇరవై ఏళ్లుగా అందరూ వాడిన బలహీనతను చివరిసారి ఇంత బాగా వాడినవాడు ఇంకొకడు లేడు. ఆ తర్వాత బ్లేక్ మంత్రం బిల్ కోసం చేయించిన స్టార్మ్‌బ్రేకర్ అనే సుత్తిలోకి పోయింది.

కానీ బదులుగా తెచ్చింది మాత్రం పనిచెయ్యలేదు. 341లో థార్ కళ్లజోడు పెట్టుకుని సిగర్డ్ జార్ల్‌సన్ పేరుతో బిల్డింగ్ పనికి పోతాడు. నవ్వు బానే వస్తది. మరి పని ఎగ్గొడితే ఏం నష్టం? ఒకరోజు కూలి. దేవుడికి కూలి పోతే బాధేముంది?

మూడో ప్యానెల్
జార్ల్‌సన్ దండగే, ఒప్పుకుంటా.

మేకల బండి
సాగాలు, అంటే స్కాండినేవియా పాత గాథలు చదివేవాళ్ల వైపు నుంచి ఒక మాట. ఆ నార్స్ కథల్లో థార్‌కు రెండో రూపం లేనే లేదు (లోకి తమ్ముడూ కాదు, ఓడిన్‌తో రక్తం కలిపి ప్రమాణం చేసినవాడు). అయినా మనుషుల బరువు థార్ మీద ఉంది. స్నోరి రాసిన ఎడ్డా అనే పాత గ్రంథంలో చూడండి. ప్రయాణంలో థార్, లోకి ఒక రైతు ఇంట రాత్రి ఆగుతారు. థార్ తన బండి లాగే రెండు మేకపోతులను కోసి, వండి, ఆ ఇంటివాళ్లకూ పెడతాడు. షరతు ఒక్కటే, ఎముకలు విరగకుండా తోళ్ల మీద వెయ్యాలి. రైతు కొడుకు థ్యాల్వి మూలుగ కోసం తొడ ఎముక చీలుస్తాడు. తెల్లారి సుత్తి ఎత్తి దీవిస్తే మేకలు లేస్తాయి గానీ ఒకటి వెనక కాలు కుంటుతుంది. థార్ పిడికిలి బిగిసి వేళ్ల కణుపులు తెల్లబడతాయి. ఇల్లంతా కాళ్లమీద పడితే కోపం దిగి, పరిహారంగా థ్యాల్వినీ, చెల్లెలు రోస్క్వనూ వెంట తీసుకుపోతాడు. (కుంటి మేక, కుంటి డాక్టరు. కాకతాళీయమే, కానీ నాకు నచ్చుతుంది.)

చూశారా, వేషమేమీ లేకుండానే దేవుడికీ మనిషికీ లెక్క కుదిరింది. అన్నం పెట్టడం, మాట తప్పడం, కోపం, పరిహారం. కామిక్స్‌లో దీనికి దగ్గరగా వచ్చింది 2007లో స్ట్రాజిన్‌స్కీ రాసిన వరస. ఆస్గార్డ్‌ను తెచ్చి ఓక్లహోమాలో బ్రాక్స్‌టన్ అనే చిన్న ఊరి పక్కన దింపాడు. దేవతలు ఇరుగుపొరుగయ్యారు.

పాతకట్ట
ఆ వరసలోనే బ్లేక్‌ను కూడా తిరిగి తెచ్చాడు కదండీ! ఒకరు బయటుంటే ఇంకొకరు శూన్యంలో ఉండి, లోపల్లోపల మాట్లాడుకుంటారు. అవసరం లేనివాణ్ని ఎందుకు తెచ్చినట్టు?

ఉక్కుకొలిమి
బ్లేక్ పేరు పట్టుకుని వేలాడొద్దు. చూడాల్సింది ఒక్కటే, థార్ అయినందుకు మనిషి ఏం పోగొట్టుకుంటున్నాడు? బ్లేక్ ఏమీ పోగొట్టుకోడు, పైగా కుంటితనం పోతుంది. ఎరిక్ మాస్టర్‌సన్‌కు పోయేది ఉంది. వృత్తికి ఆర్కిటెక్ట్, విడాకులైనవాడు, కొడుకు కెవిన్ ఎవరి దగ్గరుండాలన్నది తగువు. 408వ సంచికలో (1989) చావుబతుకుల్లో ఉంటే ఓడిన్ అతణ్ని థార్‌తో కలిపేస్తాడు. ఇక పిల్లాడి దగ్గర ఉండాల్సిన వేళల్లో ఆస్గార్డ్ పిలుపు. 432లో లోకిని చంపినందుకు అసలు థార్‌కు వెలివేత, సుత్తి ఎరిక్ నెత్తిన. పగ దేవతలది, ఆలస్యమయ్యేది ఆ తండ్రికి.

మేకల బండి
అయితే ఆ లెక్కన జేన్‌ను మించినవాళ్లు లేరు. 2014లో రచయిత జేసన్ ఆరన్ సుత్తి ఆమె చేతికిచ్చాడు. ఆమెకు రొమ్ము క్యాన్సర్, కీమో ఎక్కిస్తున్నారు. సుత్తి పట్టుకుని మారిన ప్రతిసారీ ఒంట్లోని విషాలన్నీ పోతాయి. మందు కూడా విషమే కాబట్టి అదీ పోతుంది. క్యాన్సర్ మాత్రం ఆమె సొంత కణాలే, అది ఎక్కడికీ పోదు. అంటే లోకాన్ని కాపాడిన ప్రతిసారీ అంతకుముందు ఎక్కించిన కీమో వృథా. అప్పట్లో సెకన్లు లెక్కపెట్టారు, ఇక్కడ సీసాలు లెక్కపెట్టాలి.

మూడో ప్యానెల్
ఇదే నేను మొదటినుంచీ అంటున్నది. ఆమె వేషం కాదు, మనిషి. 136లో భయపడిందని వెనక్కి పంపేసిన మనిషే, 705లో (2018) ఇంకోసారి మారితే చస్తావని చెప్పినా మ్యాంగాగ్ అనే రాక్షసుడి ఎదుటికి వెళ్లింది.

పాతకట్ట
జేన్ విషయంలో మీ ముగ్గురితో పేచీ లేదు. కానీ ఆమె నర్సుగా మొదట కనిపించింది ఎవరి ఆసుపత్రిలో? 84వ సంచిక, బ్లేక్ దగ్గర. ఆ డాక్టరు లేకపోతే ఈ జేన్ ఎక్కణ్నుంచి వచ్చేదో చెప్పండి.