ముట్టడా, దిగ్బంధమా?

పిల్లల కోసం రోమన్ చరిత్ర రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. క్రీ.పూ. 134లో రోమన్ సేనాని స్కిపియో ఎమిలియానస్ ఇప్పటి స్పెయిన్‌లో ఉన్న నుమాంటియా మీదికి దండెత్తాడు. అక్కడి కెల్టిబేరియన్ తెగలవాళ్ల ఊరది. ‘నుమాంటియా ముట్టడి’ అని పేరు పెడితే మా అబ్బాయి చూసి, ‘కలెక్టరేట్ ముట్టడి లాంటిదా నాన్నా?’ అన్నాడు. వేరే మాట ఉందా?

— వాడన్నదాంట్లో తప్పేముందండీ? పేపర్లో ముట్టడంటే పదకొండింటికి గేటు దగ్గర నినాదాలు, పన్నెండింటికి పోలీసు వ్యాను. అయినా పాత మాటే, ఉంచేయండి.

— నా పేచీ వేరే. ముట్టడి ‘ముట్టు’లోంచి వచ్చిన మాట. ముట్టడం అంటే తాకడం. స్కిపియో ఆ ఊరిని తాకనే లేదు! లోపలివాళ్లు బయటికొచ్చి కలబడదాం రమ్మన్నా కదల్లేదు. ఊరి చుట్టూ ఏడు శిబిరాలు వేసి, గోడ కట్టించి కూర్చున్నాడు. అప్పియన్ అనే ప్రాచీన చరిత్రకారుడి లెక్కలో బయట 60,000 మంది, లోపల 8,000. డ్యూరో నది మీద వంతెన వేయడం కుదరక, రెండు బురుజులు కట్టి, దుంగలకి కత్తులు, ఈటె మొనలు గుచ్చి తాళ్లతో నీళ్లలోకి వదిలాడు. ప్రవాహానికి అవి గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. పడవ రాదు, ఈదేవాడు రాడు, మునిగి వెళ్లేవాడూ రాడు. లోపల తిండి అయిపోయి తోళ్లు ఉడకబెట్టుకు తిన్నారు. 133లో ఊరు లొంగిపోయింది. ‘చుట్టుముట్టడం’లో ఈయన చేసింది చుట్టడమే, ముట్టడం కాదు. దిక్కులన్నీ కట్టేశాడు కాబట్టి దిగ్బంధం అనండి.

— రహదారుల దిగ్బంధం కూడా రోజూ పేపర్లో ఉండేదేగా! సరే, అర్థానికి అదే నప్పుతుంది. అయితే ముట్టడిని పారేయకండి, అదే ఊళ్లో దానికీ చోటుంది. అంతకు ముందే, క్రీ.పూ. 153లో, నోబిలియర్ అనే రోమన్ సేనాని ఏనుగుల్ని తోలుకుని గోడ దాకా వెళ్లాడు. మీదినుంచి ఓ పెద్ద రాయి ఏనుగు తల మీద పడింది. అది బెదిరి వెనక్కి తిరిగి రోమన్లనే తొక్కేసింది. దాన్ని చూసి మిగతావీ అదే పని. ముట్టడమంటే అదీ.

— భలే. అయితే 153ది ముట్టడి, 134ది దిగ్బంధం. రెండూ చదివి వినిపించాను. మావాడు స్కిపియో దాకా రాలేదు, ‘ఆ ఏనుగు ఏమైంది?’ అని అక్కడే ఉన్నాడు.